లాక్‌డౌన్ మాట వినబడగానే ఫిట్స్ మాత్రలు లెక్కపెట్టండి

2020 మార్చి 25న దేశమంతా లాక్‌డౌన్ పడ్డాక బస్సులు, పనులు, చాలాచోట్ల ఓపీలు ఆగిపోయాయి. ఫిట్స్ ఉన్నవాళ్లకు ఇలాంటప్పుడు పెద్ద ముప్పు మందు తప్పడమే. ఉన్న స్ట్రిప్పును సాగదీద్దామని రెండు పూటల మాత్ర ఒక పూటకు తగ్గిస్తే, ఏళ్లుగా రాని ఫిట్స్ కూడా తిరగబెట్టవచ్చు. ఫినోబార్బిటోన్, క్లోబజామ్ అనే ఫిట్స్ మందులు ఉన్నట్టుండి ఆపితే మరీ ప్రమాదం.

రోజుకు రెండు మాత్రలైతే నెలకు 60. ఇంకో నెలకు సరిపడా ఇంట్లో ఉండేలా డాక్టరుతో ముందే చీటీ రాయించుకోండి. చీటీకీ స్ట్రిప్పుకూ ఫోన్‌లో ఫొటో తీసి పెట్టుకోండి. ఆస్పత్రికి వెళ్లలేకపోతే ప్రభుత్వ ఆన్‌లైన్ వైద్య సేవ ఈ-సంజీవని ద్వారా డాక్టరును సంప్రదించవచ్చు. వాడే కంపెనీ మందు దొరక్క షాపువాళ్లు వేరేది ఇస్తే డాక్టరుకు చెప్పాకే మార్చండి. ఫినైటాయిన్‌తో ఇది మరీ ముఖ్యం, మోతాదు కొద్దిగా మారినా రక్తంలో మందు స్థాయి బాగా మారిపోతుంది. వాల్‌ప్రోయేట్ మాత్రలు చెమ్మ పీల్చుకుంటాయి, రేకులోంచి ముందే తీసి డబ్బాలో పోయకండి.

జ్వరం ఫిట్స్‌ను రెచ్చగొడుతుంది. పారాసెటమాల్ వేసుకోవచ్చు, ట్రమడాల్ ఉన్న నొప్పి మాత్రలు మాత్రం వద్దు. కోవిడ్‌కు ఇచ్చే నిర్మాట్రెల్విర్-రిటోనావిర్ మందు, ఫిట్స్‌కు కార్బమజెపిన్, ఫినైటాయిన్, ఫినోబార్బిటోన్ వాడేవాళ్లకు పనికిరాదు. దానికోసం ఫిట్స్ మందు ఆపినా లాభం లేదు, కోవిడ్ మందును త్వరగా కరిగించేసేలా లివర్‌పై ఫిట్స్ మందు చూపే ప్రభావం ఆపాక కూడా కొన్ని వారాలు ఉంటుంది.

ఐసొలేషన్ వార్డులో పక్కన మనవాళ్లు ఉండరు. మందు పేరు, మిల్లీగ్రాములు, వేళలు కాగితంపై రాసి, మాత్రలతో పాటు రోగి చేతికివ్వండి. మింగలేని స్థితి వస్తే లెవెటిరాసెటం, వాల్‌ప్రోయేట్, ఫినైటాయిన్ ఇంజెక్షన్లుగానూ ఉన్నాయి, అడగడానికి మొహమాటపడకండి.

మాత్ర మరిచిపోతే గుర్తొచ్చిన వెంటనే వేసుకోండి. తర్వాతి పూట దగ్గరపడితే రెండూ కలిపి మింగకుండా డాక్టరుకు ఫోన్ చేయండి.

ఫిట్స్ వస్తే చేతిలో తాళాలు పెట్టకండి, నోట్లో ఏమీ కుక్కకండి. పక్కకు తిప్పి పడుకోబెట్టి, మాస్కు తీసి, గడియారం చూడండి. 5 నిమిషాలు దాటినా, స్పృహ రాకముందే మళ్లీ వచ్చినా, లాక్‌డౌన్ ఉందని వెనకాడకుండా 108కి ఫోన్ చేయండి.