నగర సంఘంలో దీనుల నిధిని నడపడం ఎలా?

హైదరాబాదు, విశాఖపట్నం వంటి నగరాలలో నెల జీతాల కుటుంబాలు ఎక్కువగా ఉన్న క్రైస్తవ సంఘాలలో దీనుల సహాయం చాలా వరకు డిసెంబరులో దుప్పట్లు, చీరలు, బియ్యం సంచుల పంపిణీతో మొదలై, కొత్త సంవత్సరపు ఆరాధనతో ముగుస్తుంది. ఇచ్చేవారికి ఆ నెల అనుకూలమే గాని, పుచ్చుకొనేవారి ఇబ్బంది జూన్‌లో బడి తెరిచినప్పుడో, వానలకు కట్టడపు పనులు ఆగినప్పుడో, సంపాదించే మనిషి ఆసుపత్రిలో చేరినప్పుడో వస్తుంది. అందుచేత ఏడాది పొడవునా నడిచే నిధి ఒకటి అవసరం. దాన్ని ఎలా పోగుచేయాలో, ఎవరు పంచాలో, ఎలా పంచాలో ఇక్కడ చూద్దాం.

నిధికి కానుక వేసే ముందు ప్రతి కుటుంబమూ తాను బాకీపడిన కూలి లెక్క చూసుకోవాలి. కూలివాని కూలి తెల్లవారే వరకు యజమాని దగ్గర నిలిచి ఉండరాదని లేవీయకాండము 19వ అధ్యాయం చెబుతుంది. చేలు కోసినవారికి ఎగవేసిన కూలి మొరపెడుతున్నదని యాకోబు తన పత్రిక 5వ అధ్యాయంలో ధనవంతులను హెచ్చరిస్తాడు. ఇంట్లో పనిచేసే ఆమెకు జ్వరం వచ్చిన రోజుల జీతం కోసుకొని, ఆ డబ్బునే కానుకల సంచిలో వేస్తే అది దానం కాదు, ఆమె సొమ్మే. సంఘం కూడా తన కాపలాదారుకు, ఊడ్చే మనిషికి ఎంత ఇస్తున్నదో పెద్దల సమావేశంలో బయటపెట్టి, తక్కువైతే ముందుగా దాన్ని సరిచేయాలి.

కానుకను పోగుచేసే పద్ధతికి అదే లేవీయకాండము మంచి ఆధారం. పొలం యజమాని ఓరలు, అంటే పొలం అంచులు, పూర్తిగా కోయకూడదు, కోతలో రాలిన పరిగె ఏరుకోకూడదు. అది బీదలకూ పరదేశులకూ వదలవలసిన భాగం. కోత అంతా అయ్యాక మిగులు చూసి ఇమ్మని కాదు, కోసేటప్పుడే వదలమని ఆ ఆజ్ఞ. నెల జీతం మీద బతికే కుటుంబానికి దీన్ని అన్వయిస్తే, జీతం ఖాతాలో పడిన రోజునే ఒక భాగం దీనుల నిధికి వెళ్లిపోవాలి, జీతం పెరిగిన ఏడాది ఆ భాగమూ పెరగాలి. పౌలు కూడా కొరింథీయులతో ప్రతి ఆదివారం ఎవరికి వారు వర్ధిల్లిన కొలది కొంత తీసి ఉంచమన్నాడు. మిజోరం ప్రెస్బిటేరియన్ కుటుంబాలలో వంటకు ముందు పిడికెడు బియ్యం తీసి పక్కన ఉంచే ఆచారం 1910 నుండి ఉంది. ఆ బియ్యం అమ్మిన సొమ్ము సంఘ పరిచర్యకు పోతుంది. దశమభాగంలో దీనుల వాటా ఎంత అన్నది ఏ సంఘానికి ఆ సంఘం తేల్చుకోవచ్చు. అయితే దీనుల నిధికి బ్యాంకు ఖాతా మాత్రం వేరుగా ఉండాలి. భవన నిధిలో కలిపితే అది సిమెంటుకే ఖర్చవుతుంది.

పంచే బాధ్యత ఎవరిదన్న ప్రశ్న దగ్గర చాలా సంఘాలు తడబడతాయి. అపొస్తలుల కార్యములు 6వ అధ్యాయంలో, అనుదిన పరిచర్యలో తమ విధవరాండ్రను చిన్నచూపు చూస్తున్నారని గ్రీకు భాష మాట్లాడే యూదులు సణిగినప్పుడు, అపొస్తలులు ఆ సణుగుడును అణచలేదు, ఏడుగురిని ఏర్పరచుకోమన్నారు. ఆ ఏడుగురి పేర్లూ గ్రీకు పేర్లే. అన్యాయం జరిగిందన్న పక్షం చేతికే పంపిణీ వెళ్లిందని దీన్నిబట్టి నాకు తోస్తుంది. కాబట్టి మీ కమిటీలో ఉద్యోగస్థులూ రిటైరైన అధికారులూ మాత్రమే కాక, బస్తీలో నివసించే ఇద్దరు ముగ్గురైనా ఉండాలి, వారిలో స్త్రీలు ఉండాలి, వారి మాట అలంకారంగా కాక ఓటుగా చెల్లాలి. మన సంఘాలలో కులం గుమ్మం బయటే ఆగిపోలేదు గనుక ఈ మాట నొక్కి చెప్పవలసి వస్తున్నది. డబ్బంతా పాస్టరు గారి చేతికే అప్పగించడం కొన్నిచోట్ల వాడుక. అది ఆయనకే మంచిది కాదు. యెరూషలేము బీదల కోసం పోగైన విరాళాన్ని మోయడానికి పౌలు కూడా సంఘాలు ఏర్పరచిన తోడును వెంటబెట్టుకున్నాడు.

సహాయం అడిగినవారి ఇంటికి ఇద్దరు వెళ్లాలి, వారికి కూలి పోని వేళ చూసుకొని వెళ్లాలి. ఏమి కావాలని మొదట వారినే అడగాలి. ఆసుపత్రి ఖర్చయితే తెలంగాణలో ఆరోగ్యశ్రీ, ఆంధ్రప్రదేశ్‌లో ఎన్‌టీఆర్ వైద్య సేవ ఆ చికిత్సకు వర్తిస్తాయేమో ముందుగా విచారించి, అవి భరించని వాటికి, అంటే తోడున్నవారి భోజనానికి, ప్రయాణానికి, పోయిన కూలికి నిధి నుండి ఇవ్వాలి. పిల్లల చదువయితే కుల ధ్రువపత్రం సంగతి కూడా అడగాలి: 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం క్రైస్తవులైన దళితులకు షెడ్యూల్డు కులాల హోదా లేదు, రెండు తెలుగు రాష్ట్రాలలోనూ వారిని వెనుకబడిన తరగతులలో బీసీ-సి కింద లెక్కిస్తారు. ఏ పత్రం ఎక్కడ చెల్లుతుందో తెలిసిన ఒక గుమాస్తా వెంట వెళ్తే, బియ్యం సంచి కంటే ఎక్కువ మేలు జరుగుతుంది.

సహాయానికి ఆరాధన హాజరును గాని, బాప్తిస్మాన్ని గాని షరతుగా పెట్టకూడదు. ఇందుకు ఒంగోలు చరిత్రలోనే ఉదాహరణ ఉంది. 1876-78 కరవులో అమెరికన్ బాప్తిస్టు మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హాం కాలువలో కొంత భాగం తవ్వకాన్ని కాంట్రాక్టుకు తీసుకొని, ఆకలితో వచ్చినవారికి పని కల్పించి కూలి ఇచ్చాడు. కరవు సహాయం సాగినంత కాలం, తిండి కోసం వచ్చారన్న అనుమానానికి తావు లేకుండా, బాప్తిస్మాలను నిలిపివేశాడు. అవి తిరిగి మొదలయ్యాక 1878 జూలై 3న ఒక్క రోజునే 2,222 మంది బాప్తిస్మం పొందారు. ఆ సంఖ్యనే మన ప్రసంగాలలో తరచు చెబుతారు; దానికి ముందు ఆయన చూపిన నిగ్రహం, కూలిగా ఇచ్చిన గౌరవం అంతకంటే నేర్చుకోదగినవి.

వడ్డీకి తెచ్చిన అప్పు కుటుంబాన్ని తింటున్నప్పుడు ఉచిత దానం కంటే వడ్డీ లేని చేబదులు మేలు. దానిపై ప్రామిసరీ నోటు వద్దు, చిన్న వాయిదాలు చాలు. తీర్చలేకపోతే కమిటీయే మౌనంగా కొట్టివేయాలి. ఆ సంగతి ఆదివారం ప్రకటనలలో రాకూడదు. ఫొటోల విషయమూ అంతే. పుచ్చుకొనేవారి ముఖం సంఘ వాట్సాప్ గుంపులో కనిపించకూడదు. బైబిలులో బీద విధవరాలైన రూతు పరిగె ఏరుకొనేటప్పుడు ఆమెను అవమానపరచవద్దని పొలం యజమాని బోయజు తన పనివారికి ముందే చెప్పి ఉంచాడు.

విదేశాలలో ఉన్న సభ్యులు పంపే డబ్బు విషయంలో జాగ్రత్త అవసరం. భారత పౌరసత్వం ఉన్నవారు తమ సొంత సంపాదనలో నుండి బ్యాంకు ద్వారా పంపితే అది విదేశీ విరాళం కాదు. అమెరికా పౌరసత్వం తీసుకున్న బంధువు పంపితే, భారత సంతతికి చెందిన విదేశీ పౌరులకు ఇచ్చే ఓసీఐ కార్డు ఉన్నా, అది విదేశీ విరాళమే. 2010 నాటి విదేశీ విరాళాల నియంత్రణ చట్టం కింద నమోదు గాని, ముందస్తు అనుమతి గాని లేని సంఘం దాన్ని తీసుకోకూడదు. నమోదైన సంస్థ తీసుకున్నా, 2020 సవరణ తరువాత దాన్ని మరొక సంస్థకు బదిలీ చేయడానికి వీలులేదు.

సంవత్సరాంతంలో లెక్కలు చదివేటప్పుడు పేర్లు లేకుండా, దేనికి ఎంత ఖర్చయిందో మాత్రమే సభ్యులకు చెప్పాలి. దానితోపాటు అడిగినా ఇవ్వలేకపోయిన విన్నపాలు ఎన్నో, ఎందుకు ఇవ్వలేకపోయారో కూడా చదవాలి. నిధిలో డబ్బు మిగిలి ఉండి ఆ జాబితా పొడవుగా ఉంటే, కమిటీలో కొందరిని మార్చవలసిన సమయం వచ్చిందన్నమాట.