హెపటైటిస్-బి చికిత్స ఫలిస్తుందా: రక్తపరీక్షల అంకెలను చదివే విధానం

దీర్ఘకాలిక హెపటైటిస్-బి ఉన్నవారి రిపోర్టులో 'హెచ్‌బీఎస్ యాంటిజెన్ పాజిటివ్' అన్న మాట వైరస్ ఉందని మాత్రమే చెబుతుంది; ఆ యాంటిజెన్ వైరస్ పైపొరలోని ప్రొటీన్. మందు పనిచేస్తుందా అన్న ప్రశ్నకు జవాబు అంకెల్లోనే దొరుకుతుంది. కాబట్టి చికిత్స మొదలుకాకముందే వైరల్ లోడ్ (రక్తంలో వైరస్ ఎంత ఉందో చెప్పే అంకె), ఎస్‌జీపీటీగా మనవాళ్లకు తెలిసిన ఏఎల్‌టీ (కాలేయం దెబ్బతింటే రక్తంలో పెరిగే ఎంజైమ్), హెచ్‌బీఈ యాంటిజెన్ (వైరస్ చురుగ్గా పెరుగుతున్నప్పుడు రక్తంలో కనిపించే ప్రొటీన్), వీటితోపాటు హెచ్‌బీఎస్ యాంటిజెన్ పరిమాణం చూపే పరీక్ష కూడా చేయించుకొని, ఆ రిపోర్టులను భద్రపరచుకోవాలి. చివరి పరీక్షను ప్రత్యేకంగా అడగవలసి ఉంటుంది. తర్వాతి పరీక్షలు వీలైనంతవరకు అదే ల్యాబులో చేయించుకోవడం మంచిది. వైరల్ లోడ్‌ను ఒకచోట ఐయూలలోను (అంతర్జాతీయ యూనిట్లు), మరోచోట కాపీలలోను (వైరస్ డీఎన్ఏ ప్రతుల సంఖ్య) ఇస్తారు. ఒక ఐయూ అంటే సుమారు ఐదారు కాపీలు గనుక, ఆ తేడా గమనించకపోతే లేని పెరుగుదల కనిపించి అనవసరంగా భయపడతాం.

ఈ అంకెలు అందరికన్నా ఎక్కువగా ఉపయోగపడేది రోగనిరోధక శక్తిని ఉత్తేజపరిచే పెగిలేటెడ్ ఇంటర్‌ఫెరాన్ అనే మందు తీసుకునేవారికి. వారానికొక ఇంజెక్షన్ చొప్పున 48 వారాలు సాగే ఈ చికిత్సలో జ్వరం, నీరసం, మనసు కుంగిపోవడం వంటి బాధలుంటాయి. ఫలితం రాదని ముందే తెలిస్తే రోగికి ఆ బాధ తప్పించవచ్చు. హెచ్‌బీఈ పాజిటివ్‌గా ఉన్నవారిలో, మొదట ఏఎల్‌టీ ఎక్కువగా, వైరల్ లోడ్ తక్కువగా ఉంటే ఆశ ఎక్కువ. వైరస్ జీనోటైప్ (జన్యుపరమైన రకం) కూడా తెలుసుకోవాలి. భారతదేశంలో ఎక్కువగా కనిపించే ఏ, డీ రకాలలో ఏ రకం ఈ మందుకు మెరుగ్గా లొంగుతుంది.

అసలు నిర్ణయం 12వ వారంలో జరుగుతుంది. హెచ్‌బీఈ పాజిటివ్‌గా ఉండి జీనోటైప్ ఏ లేదా డీ ఉన్నవారిలో హెచ్‌బీఎస్ పరిమాణం మొదటి అంకె నుంచి ఏమాత్రం తగ్గకపోతే, బీ లేదా సీ ఉన్నవారిలో అది మిల్లీలీటరుకు 20,000 ఐయూలకు పైనే ఉంటే, ఇంటర్‌ఫెరాన్ ఆపడం గురించి వైద్యులు ఆలోచిస్తారు. హెచ్‌బీఈ నెగెటివ్‌గా ఉన్న డీ రకంలో హెచ్‌బీఎస్ తగ్గకపోవడంతోపాటు వైరల్ లోడ్ కూడా రెండు లాగ్‌లు దిగలేదా అన్నది చూస్తారు. ఒక లాగ్ అంటే పది రెట్లు: 20,00,000 నుంచి 20,000కు దిగితే రెండు లాగ్‌లు తగ్గినట్లు, 10,00,000కు దిగడం సగమే అయినా, ఈ లెక్కలో అది చాలా స్వల్పం.

వైరస్ పెరగకుండా అడ్డుకునే టెనోఫోవిర్, ఎంటెకావిర్ మాత్రల సంగతి వేరు. వాటితో వైరల్ లోడ్ బాగా పడిపోతుంది గానీ హెచ్‌బీఎస్ పరిమాణం ఏళ్ల తరబడి మెల్లగా తగ్గుతుంది. అది చూసి నిరాశపడనవసరం లేదు. వైరల్ లోడ్‌ను మూడు నుంచి ఆరు నెలలకోసారి చూపించుకుంటూ, అది అంతకుముందు చేరిన అతి తక్కువ స్థాయి నుంచి పది రెట్లకు పైగా పెరిగితే, మందు మార్చాలా అని అడిగే ముందు మాత్రలు ఎన్ని రోజులు మానేశారో వైద్యుడికి దాచకుండా చెప్పాలి. వైరస్ కనిపించడం లేదని రిపోర్టు వచ్చినా సొంతంగా మాత్రలు ఆపకూడదు; అలా ఆపినవారిలో వ్యాధి ఒక్కసారిగా తిరగబెట్టి, కాలేయం విఫలమయ్యే ప్రమాదం కూడా ఉంది.