ఉప్పునీటి ఆర్సెనిక్: ఐసీపీ-ఎంఎస్ రీడింగ్ దారికొచ్చిన తీరు

ఉప్పునీటిని ఐసీపీ-ఎంఎస్‌తో (ప్లాస్మాలో పరమాణువులను అయాన్లుగా మార్చి, ద్రవ్యరాశిని బట్టి లెక్కించే పరికరం) కొలిస్తే ఆర్సెనిక్ ఎక్కువ చూపిస్తోంది, ఇంటర్నల్ స్టాండర్డ్ (పోలిక కోసం అన్ని ద్రావణాల్లో సమానంగా కలిపే మూలకం) సిగ్నల్ రన్ సాగేకొద్దీ పడిపోతోంది. ఇవి రెండు వేర్వేరు జబ్బులు; ఒకే మందు పనిచేయదు.

మొదటిది క్లోరైడ్ పని. ప్లాస్మా వాయువైన ఆర్గాన్-40, ఉప్పులోని క్లోరిన్-35 జతకట్టి సరిగ్గా ద్రవ్యరాశి 75 దగ్గర, ఆర్సెనిక్ మీదే కూర్చుంటాయి. ఆర్సెనిక్ లేని సోడియం క్లోరైడ్ ద్రావణం నడపండి. 75లో సిగ్నల్, 77లో అందులో మూడో వంతు వస్తే దొంగ దొరికినట్టే. (సెలీనియం ఉంటే 77ను నమ్మొద్దు, దాని ఐసోటోపు ఒకటి అక్కడే ఉంటుంది.) సెల్‌లో (అయాన్లు వాయువును ఢీకొనే గది) హీలియం పెట్టి, కైనెటిక్ ఎనర్జీ డిస్క్రిమినేషన్ (ఢీకొని శక్తి తగ్గిన జంట అయాన్లను ఆపే పద్ధతి) ఆన్ చేశాక ఇది దాదాపు పోయింది.

రెండోది హీలియంతో పోదు. సోడియం వల్ల అయాన్ కిరణం చెదురుతుంది, కోన్ల (అయాన్లు లోపలికి వెళ్లే లోహపు శంకువులు) రంధ్రాల దగ్గర ఉప్పు పేరుకుంటుంది. కరిగిన ఘనపదార్థాలు 0.2 శాతం దాటకూడదు. సముద్రపు నీటిలో సుమారు 3.5 శాతం ఉంటాయి కాబట్టి 1 శాతం నైట్రిక్ ఆమ్లంతో 20 రెట్లు పలుచన చేస్తే 0.175కి వస్తుంది. ఇంటర్నల్ స్టాండర్డ్‌గా జెర్మేనియం-72 నయం, ద్రవ్యరాశి దగ్గరగా ఉంటుంది. కానీ నమూనాలో కార్బన్ ఉంటే ఆర్సెనిక్ సిగ్నల్ పెరుగుతుంది, జెర్మేనియం దాన్ని సరిదిద్దలేదు. అందుకే స్టాండర్డ్‌లు (ఆర్సెనిక్ ఎంతుందో తెలిసిన ద్రావణాలు), బ్లాంక్ (ఆర్సెనిక్ లేనిది), నమూనాలు అన్నింటిలో 2 శాతం ఐసోప్రొపనాల్ సమానంగా కలపాలి.

ఇంత పలుచన కుదరకపోతే స్టాండర్డ్ అడిషన్ (నమూనాలోనే తెలిసినంత ఆర్సెనిక్ కలిపి కొలవడం) ఉంది. అది వాలును (ఆర్సెనిక్ పెరిగేకొద్దీ సిగ్నల్ పెరిగే రేటు) మాత్రమే సరిచేస్తుంది. 75 మీద కూర్చున్న క్లోరైడ్ భారం అలాగే ఉంటుంది, హీలియం ఆపొద్దు.