పాము కరిస్తే మొదటి గంటలో ఏం చేయాలి, ఆసుపత్రిలో ఏం అడగాలి

మన దేశంలో పాము కాటుతో ఏటా దాదాపు 58 వేల మంది చనిపోతున్నారని 2020లో వచ్చిన ఒక పెద్ద అధ్యయనం లెక్కగట్టింది. ఈ మరణాలు ఎక్కువగా ఉన్న రాష్ట్రాల్లో మన తెలుగు ప్రాంతం కూడా ఉంది. పోయినవాళ్లలో చాలామంది ఆసుపత్రి గడప తొక్కకుండానే పోతున్నారు. విషానికి మందు ఉంది, సర్కారు ఆసుపత్రుల్లో డబ్బులు తీసుకోకుండానే ఇస్తారు, మనం చేయాల్సిందల్లా మనిషిని తొందరగా అక్కడికి చేర్చడం. అందుకే ఇది రాస్తున్నాను. ఇంట్లో పెద్దవాళ్లకి కూడా చదివి వినిపించండి.

కరిచిన వెంటనే పాము నుంచి దూరంగా జరగండి. దాన్ని చంపడానికి, పట్టుకోవడానికి వెళ్లొద్దు, అలా వెళ్లి రెండో మనిషి కూడా కాటు తింటాడు, పైగా చచ్చిన పాము తల కూడా కాసేపటి వరకు కరవగలదు. దూరం నుంచి ఫోన్‌లో ఫొటో దొరికితే మంచిదే, దొరక్కపోయినా నష్టం లేదు. మన దగ్గర ఇచ్చే మందు నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్నపింజర నాలుగింటికీ కలిపి తయారుచేసిందే, కాబట్టి ఏ పామో తెలిస్తేనే వైద్యం మొదలవుతుందన్న టెన్షన్ పెట్టుకోకండి.

తర్వాత 108కి ఫోన్ చేసి ముందుగా "పాము కాటు" అన్న మాటే చెప్పండి. ఆ లోపల చేతి ఉంగరాలు, గాజులు, కాలికైతే మెట్టెలు, పట్టీలు తీసేయండి, వాపు వచ్చాక అవి రావు, రక్తం ఆడనివ్వవు. కరిచిన చెయ్యో కాలో కదలకుండా ఒక కర్ర ఆనించి గుడ్డతో వదులుగా చుట్టండి, ఎముక విరిగితే కట్టినట్టు. మనిషిని నడిపించొద్దు, పరిగెత్తించొద్దు. అంబులెన్స్ ఆలస్యమవుతుందనిపిస్తే ఆగకండి, ఆటోలో తీసుకెళ్లండి, అదీ లేకపోతే బైక్ మీద నడిపేవాడికీ వెనక కూర్చున్నవాడికీ మధ్యలో కూర్చోబెట్టుకుని వెళ్లండి. వాంతి అవుతుంటే ఎడమ పక్కకి తిప్పి పడుకోబెట్టండి.

తాడుతో బిగించి కట్టడం మన ఊళ్లలో ఇంకా పోలేదు. రక్తపింజర, చిన్నపింజర విషం కండని అక్కడికక్కడే చంపుతుంది, బిగించి కడితే విషమంతా ఆ ఒక్క చోటే ఉండిపోయి కాలు తీసేయాల్సిన పరిస్థితి కూడా రావచ్చు. ఎవరైనా అప్పటికే గట్టిగా కట్టేసి ఉంటే దారిలో ఒక్కసారిగా విప్పకండి, ఆసుపత్రిలో డాక్టరు ఎదురుగా విప్పించండి. బ్లేడుతో కోయడం, నోటితో పీల్చడం, పసరు పూయడం, రాయి అంటించడం, వేపాకు నమిలించి చేదు తెలుస్తుందా అని చూడడం, ఇవన్నీ టైం తినేసేవే.

మంత్రం వేయించుకుని బతికినవాళ్లు మా ఊళ్లోనే ఉన్నారు కదా అంటారు. ఉంటారు. కరిచే పాముల్లో విషం లేనివే ఎక్కువ, విషపాము కూడా ఒక్కోసారి కోర దించి విషం వదలకుండా పోతుంది. వాళ్లు మంత్రం లేకపోయినా బతికేవాళ్లే. నిజంగా విషం ఎక్కిన మనిషికి ఆ మంత్రగాడి వాకిట్లో కూర్చున్న రెండు గంటలే ప్రాణం.

కట్లపాము గురించి విడిగా చెప్పాలి. రాత్రిపూట, నేల మీద పడుకున్నవాళ్లని కరుస్తుంది, నొప్పి పెద్దగా ఉండదు, గాటు కూడా సరిగ్గా కనిపించదు. తెల్లవారుజామున కడుపునొప్పి అని లేస్తారు, కాసేపటికి కంటి రెప్పలు బరువెక్కి వాలిపోతాయి, మాట ముద్దగా వస్తుంది, మింగలేరు. ఇంట్లోవాళ్లు గ్యాస్ అనుకుంటారు. నేల మీద పడుకున్న మనిషికి కడుపునొప్పితో పాటు రెప్పలు వాలుతున్నాయంటే గాటు కోసం వెతుక్కుంటూ కూర్చోకండి, బయల్దేరండి.

ఆసుపత్రిలో అడగాల్సిన మొదటి మాట: "ఏఎస్‌వీ స్టాక్ ఉందా?" ఏఎస్‌వీ అంటే పాము విషానికి ఇచ్చే విరుగుడు మందు. అది లేకపోతే ఎక్కడుందో వాళ్ల చేతే ఫోన్ చేయించి కనుక్కుని అక్కడికే వెళ్లండి, ఒక్కో ఆసుపత్రీ తిరగకండి. ఎన్ని గంటలకి కరిచిందో, మొదట ఏం కనిపించిందో ఒక కాగితం మీద రాసివ్వండి.

రెండో మాట, రక్తం గడ్డకట్టే పరీక్ష. కొద్దిగా రక్తం తీసి శుభ్రమైన, పొడి గాజు గొట్టంలో పోసి 20 నిమిషాలు కదపకుండా ఉంచుతారు, తర్వాత మెల్లగా వంచి చూస్తారు. గడ్డకట్టకుండా నీళ్లలా జారిందంటే పింజర విషం రక్తంలో పని చేస్తోందన్నమాట. ఖరీదైన మెషిన్ ఏమీ అక్కర్లేదు, చిన్న పీహెచ్‌సీలో కూడా చేయొచ్చు. మొదటిసారి బాగానే ఉందని ఇంటికి పంపిస్తామంటే ఒప్పుకోకండి, ఈ పరీక్ష మళ్లీ మళ్లీ చేయాలి, మనిషిని 24 గంటలు గమనించాలి.

విషం లక్షణాలు కనిపిస్తే సాధారణంగా 8 నుంచి 10 వయల్స్, అంటే చిన్న సీసాల మందుతో మొదలుపెడతారు, పిల్లలకీ అంతే డోసు, ఎందుకంటే పాము చిన్నపిల్ల అని తక్కువ విషం వదలదు. ఈ మందు గుర్రాల నుంచి వస్తుంది. చెన్నై దగ్గర ఇరుల తెగవాళ్లు 1978లో పెట్టుకున్న సహకార సంఘం పాముల నుంచి విషం తీస్తుంది, దాన్ని కొంచెం కొంచెంగా గుర్రాలకి ఎక్కించి వాటి రక్తంలో పుట్టిన, విషాన్ని అడ్డుకునే యాంటీబాడీలని మందుగా చేస్తారు. అయితే ఒకే జాతి పాము విషం ప్రాంతాన్ని బట్టి మారుతుందని బెంగళూరు ఐఐఎస్‌సీ పరిశోధకులు చూపించారు, అందుకే ఈ మందు అన్నిచోట్లా ఒకేలా పని చేయకపోవచ్చు. గుర్రంతో పని లేకుండా ల్యాబ్‌లో యాంటీబాడీలు తయారుచేసే ప్రయత్నాలు నడుస్తున్నాయి, అవి మన ఊరి ఆసుపత్రికి చేరేదాకా ఉన్న మందే దిక్కు. ఇది ఎక్కేటప్పుడు దురద, దద్దుర్లు, వణుకు రావచ్చు. భయపడి ఆపించేయొద్దు, వెంటనే నర్సుకి చెప్పండి, వాళ్లు కాసేపు ఆపి, అడ్రినలిన్ ఇచ్చి మళ్లీ మొదలుపెడతారు.

ఇప్పుడు చాలా ముఖ్యమైన మాట. కట్లపాము విషం నరాల చివర్లనే దెబ్బతీస్తుంది, ఆ దెబ్బ తగిలాక మందు దాన్ని వెనక్కి తిప్పలేదు, నరం మళ్లీ కోలుకునేదాకా వెంటిలేటరే ఊపిరి పోయాలి. అది రోజులు పట్టొచ్చు. ఆ సమయంలో మనిషి కన్ను తెరవడు, వేలు కదపడు, కంటిపాప కూడా వెలుతురుకి స్పందించకపోవచ్చు, చూసేవాళ్లకి అంతా అయిపోయినట్టే ఉంటుంది. లోపల మాత్రం స్పృహ ఉండి మన మాటలన్నీ వింటూ ఉండొచ్చు. ఇలాంటివాళ్లలో చాలామంది పూర్తిగా కోలుకుని నడుచుకుంటూ ఇంటికి వెళ్తారు. కాబట్టి చుట్టాలెవరైనా "ఇంకెందుకు, ఇంటికి తీసుకెళ్దాం" అంటే వినకండి. మంచం పక్కన నిలబడి ఖర్చుల గురించి, అంత్యక్రియల గురించి మాట్లాడకండి. పేరు పెట్టి పిలిచి, బాగవుతుందని చెప్పండి.

పింజర కాటైతే మూత్రం ఎంత వస్తోందో, ఏ రంగులో ఉందో రోజూ చూడండి, తగ్గినా ఎర్రగా వచ్చినా డాక్టరుకి చెప్పాలి, కిడ్నీలు దెబ్బతింటే డయాలసిస్ అవసరం పడొచ్చు. ఇంటికి వచ్చాక వారం, రెండు వారాల్లో జ్వరం, కీళ్లనొప్పులు, దద్దుర్లు వస్తే అది మందు వల్ల వచ్చే రియాక్షన్ కావచ్చు. డిశ్చార్జి కాగితం పట్టుకుని అదే ఆసుపత్రికి వెళ్లండి, తగ్గడానికి మందులిస్తారు.