ఆయనకు బదిలీ అయినా మన పని ఆగకుండా

మీ ఆయన సైన్యంలో ఉంటే, మీరు పిల్లలతో తిరుపతిలో ఉన్నా, రేపు క్వార్టర్స్‌కి మారినా సాగేది వర్చువల్ అసిస్టెంట్ పని, అంటే ఇంటి నుంచే ఆన్‌లైన్‌లో వేరేవాళ్ల ఆఫీసు పనులు చూసిపెట్టడం. మొదట ఆస్ట్రేలియా క్లయింట్లను వెతకండమ్మా. మన ఉదయం 9 గంటలకు సిడ్నీలో మధ్యాహ్నం 1:30, వాళ్ల ఎండాకాలంలో 2:30. పిల్లలు బడికెళ్లాక వాళ్ల మెయిళ్లు, అపాయింట్‌మెంట్లు, బిల్లులు చక్కబెట్టేయొచ్చు. అమెరికా వాళ్లయితే మీకు రాత్రి నిద్ర ఉండదు. ఒంటిచేత్తో ఇల్లు నడిపేవాళ్లకు అది చాలా కష్టం. ఉద్యమ్ రిజిస్ట్రేషన్ (చిన్న వ్యాపారాలకు ప్రభుత్వ నమోదు) ఉచితం, ఆధార్, పాన్‌తో మీరే చేసుకోవచ్చు. డబ్బులడిగే ఏజెంట్లను నమ్మొద్దు. ఒక్కటి మాత్రం గట్టిగా చెబుతున్నా: ప్రొఫైల్‌లో ఆయన యూనిట్ పేరు, పోస్టింగ్ ఊరు, యూనిఫాం ఫొటో పెట్టొద్దు. క్లయింటు మాటల్లో అడిగినా చెప్పొద్దు.