సాషికో నేర్చుకుందాం – 3: గళ్ళ మీద మెట్లు

సాషికో అంటే జపాన్ సంప్రదాయపు చేతికుట్టు. పోయిన పాఠంలో తిన్నటి గీత మీద సమానమైన కుట్లు వెయ్యడం చూశాం. మీ కుట్లు ఇంకా ఒకటి పొడుగు, ఒకటి పొట్టిగా వస్తున్నా టెన్షన్ వద్దు. ఈసారి కుట్టు పొడవు కంటి అంచనా మీద కాదు, గడి మీద ఆధారపడుతుంది.

సాషికోలో ముఖ్యంగా రెండు పద్ధతులు. బట్ట మీద బొమ్మ గీసి, ఆ గీత వెంటే వంపులూ మలుపులూ తిరుగుతూ కుట్టేది మోయోజాషి. గళ్ళు గీసి, ఒక గడి మేర దారం పైన, ఒక గడి మేర కింద ఉండేలా కుట్టేది హితోమెజాషి. ఇందులో బొమ్మ ముందుగా కనిపించదు. అడ్డగీతలన్నీ కుట్టేదాకా చూడ్డానికి ఏదో చుక్కల బట్టలా ఉంటుంది. నిలువు గీతలు కుట్టడం మొదలుపెట్టాక బొమ్మ బయటపడుతుంది. నేర్చుకునేవాళ్ళకి ముందు ఇదే చెప్పాలని నా అభిప్రాయం. బొమ్మ అచ్చువేసిన కిట్లు బజారులో దొరుకుతాయి కానీ, వాటితో మొదలుపెడితే ఆ బొమ్మ ఎలా పుట్టిందో తెలీదు.

కావలసినవి: ముదురు నీలం నూలు బట్ట, తెల్ల దారం, పొడవైన సూది. మరీ బిగువు నేత వద్దు. మంగళగిరి నూలు బట్ట లాంటిది హాయిగా సరిపోతుంది. అసలు సాషికో దారం దొరక్కపోతే ఎనిమిదో నంబరు పర్ల్ కాటన్ వాడండి. కొంచెం మెరుపు ఎక్కువ, అంతే. ఎంబ్రాయిడరీ పోగులు విడదీసి మాత్రం కుట్టకండి, కుట్టు బక్కచిక్కి కనిపిస్తుంది.

బట్టను ముందే తడిపి ఆరబెట్టండి. పది సెంటీమీటర్ల చదరం గీసి, అర సెంటీమీటరుకి ఒక గీత చొప్పున అడ్డంగా, నిలువుగా గీయండి. వరసకి 20 గళ్ళు, అటు 21 గీతలు, ఇటు 21 గీతలు వస్తాయి. నీళ్ళతో పోయే పెన్ను వాడితే, గీతలు కడిగేయకముందే ఇస్త్రీ చెయ్యకండి. వేడికి ఆ రంగు బట్టలోనే ఉండిపోతుంది.

ఇప్పుడు కింది గీత ఎడమ చివర నుంచి మొదలు. మొదటి గడి పైన, రెండోది కింద, మూడోది పైన. ఇరవయ్యో గడి దగ్గరికొచ్చేసరికి దారం కిందికి పోయి ఉంటుంది. రెండో గీతకి వెళ్ళి, కుడి చివర నుంచి వెనక్కి రండి. అక్కడ కూడా మొదటి కుట్టు పైనే. గళ్ళు సరి సంఖ్యలో ఉన్నాయి కాబట్టి, మీరు ప్రత్యేకంగా ఏమీ లెక్కపెట్టకుండానే రెండో గీత కుట్లు మొదటి గీత ఖాళీల ఎదురుగా పడతాయి. ఇలా 21 గీతలూ పూర్తి చేయండి.

తర్వాత నిలువు గీతలు. పద్ధతి అదే. కుట్టు చివరలు అడ్డకుట్టు చివరలున్న మూలలోనే కలవాలి. ముందున్న దారాన్ని సూది చీల్చకుండా దాని పక్కనుంచి పోనివ్వండి. నాలుగైదు వరసలయ్యేసరికి మెట్లు కనిపిస్తాయి, ఏటవాలుగా ఒకదాని పక్కన ఒకటి. బట్ట తిప్పి చూడండి, వెనక కూడా మెట్లే.

నిలువు గీతల్ని మొదటి కుట్టు కిందుగా పోనిచ్చి మొదలుపెడితే ఆ మెట్లే అవతలి వైపుకి వాలతాయి. మధ్యలో ఎక్కడైనా పక్కపక్కనున్న రెండు నిలువు గీతల్లో కుట్లూ ఖాళీలూ ఒకదానికొకటి సరిగ్గా ఎదురెదురుగా పడేలా కుట్టి, తర్వాత మళ్ళీ మార్చి మార్చి పోతే, అక్కడ మెట్లు మలుపు తిరిగి కొండ వరసలవుతాయి. ఇక 20కి బదులు 19 గళ్ళు గీసి, ఇదే పని ఇలాగే చేస్తే మెట్లు రావు, విడివిడి చిన్న చదరాలు వస్తాయి. ఒక్క గడి తేడా!

ఈ సరి, బేసి పట్టింపు జపాన్ ఉత్తరాదిలో ఇంకోలా కూడా ఉంది. ఆఓమోరిలోని త్సుగరు ప్రాంతపు కోగిన్ కుట్టులో నేత పోగుల్ని బేసి సంఖ్యలో లెక్కపెడతారు. ఆ పక్కనే నాంబు ప్రాంతపు హిషిజాషిలో సరి సంఖ్యలో. అందుకే రెంటిలోనూ వజ్రాకారాలే ఉన్నా, నాంబువి అడ్డంగా సాగినట్టు, త్సుగరువి నిలువుగా నిలబడ్డట్టు ఉంటాయి.

అందం కోసం మొదలైన పని కాదు ఇది. ఆ చలికి అక్కడ పత్తి పండదు. పైగా 1724లో త్సుగరు సంస్థానం రైతులు నూలు బట్ట కట్టకూడదని ఆంక్ష పెట్టింది. వాళ్ళకి మిగిలింది నార బట్ట, దాని సందుల్లోంచి చలిగాలి దూరిపోతుంది. దొరికిన నూలు దారంతో ఆ సందులు పూడ్చేలా ఆడవాళ్ళు దగ్గర దగ్గరగా కుట్టారు. 1891లో ఆఓమోరి దాకా రైలు వచ్చాక నూలు బట్ట తేలిగ్గా దొరకసాగింది, కోగిన్ చాలావరకు మూలపడింది. జపాన్‌లో ఎడో కాలపు (1603–1868) అగ్నిమాపకులు కూడా పొరలు పొరలుగా కుట్టిన సాషికో కోటునే నీళ్ళలో తడిపి వేసుకుని మంటల్లోకి దిగేవాళ్ళు. మన బొంత కుట్టినట్టే అనుకోండి, పాత బట్ట పొరలు పేర్చి వరసగా కుట్టి గట్టిపరచడమే.

ఇక కొత్తవాళ్ళకి ఎక్కువగా ఎదురయ్యే ఇబ్బంది, బట్ట ముడుచుకుపోవడం. ప్రతి వరస అయ్యాక బట్టని రెండు చేతుల బొటనవేలు, చూపుడువేలు మధ్య పట్టుకుని, కుట్టు వెంట మెల్లగా సాగదీస్తూ దారాన్ని సర్దాలి. దీన్ని ఇతోకోకి అంటారు. ఒక్కసారి కూడా వదిలెయ్యకండి. ఒక గీత నుంచి ఇంకో గీతకి మారేటప్పుడు వెనక దారం బిగించకుండా కొద్దిగా వదులు ఉంచండి. దారం అయిపోతే ముడి వెయ్యకుండా, కొత్త దారాన్ని పాత కుట్ల మీదుగా మూడు కుట్ల మేర కుట్టి ముందుకు సాగండి.

వచ్చే పాఠానికి రెండు ముక్కలు కుట్టి ఉంచండి: 20 గళ్ళది ఒకటి, 19 గళ్ళది ఒకటి. నాలుగో పాఠంలో మోయోజాషికి వెళ్తాం, అసనోహా అనే ఆరు కోణాల ఆకు బొమ్మతో. దానికి స్కేలుతో పాటు అరవై డిగ్రీల మూలమట్టం కావాలి.