వైద్యసేవ కింద చేరినా డబ్బు అడిగితే ఏం చేయాలి

ఎన్టీఆర్ వైద్యసేవ (జనం నోట ఆరోగ్యశ్రీ) పథకం కింద ఉచితమని ఆసుపత్రిలో చేరాక కౌంటర్లో "ముందు ఇరవై వేలు కట్టండి" అంటే ఏం చేయాలో ఇక్కడ రాశాం. నెల్లూరు, ఒంగోలు వాళ్లను దృష్టిలో పెట్టుకుని రాసిందే అయినా, మిగతా జిల్లాల్లోనూ దారి దాదాపు ఇదే.

ఈ పథకం పేర్లు ఇవి: 2007లో రాజీవ్ ఆరోగ్యశ్రీ, 2014 తర్వాత ఎన్టీఆర్ వైద్యసేవ, 2019 తర్వాత వైఎస్సార్ ఆరోగ్యశ్రీ, 2024లో మళ్లీ ఎన్టీఆర్ వైద్యసేవ. ఆసుపత్రుల బిల్లులు బకాయి పడతాయేమో గానీ, బోర్డులకు రంగేసే ఖర్చు ఏ ప్రభుత్వంలోనూ బకాయి పడలేదు. సరే, పేరు ఏదైనా కౌంటర్లో ఆరోగ్యశ్రీ అంటే అర్థమవుతుంది. అసలు చిక్కు వేరే ఉంది: ఈ పథకం జీవోల మీద నడుస్తుంది. రాజస్థాన్ 2023లో ఆరోగ్య హక్కు చట్టం చేసుకుంది, మనకు అలాంటిది లేదు. జీవో ఇవాళ ఒకలా, రేపు ఒకలా ఉండొచ్చు. అందుకే మీ చేతిలో రాతపూర్వకంగా ఏముందన్నదే లెక్క.

ఆ రాత ఎలా ఉండాలో బేస్‌బాల్ చూసి నేర్చుకోవచ్చు. క్రికెట్‌లో క్యాచ్ నేలపాలైతే స్కోరుకార్డులో ఆ ఊసే ఉండదు. బేస్‌బాల్ స్కోరుబోర్డు చివర మాత్రం మూడు గడులుంటాయి: పరుగులు, హిట్లు, ఎర్రర్లు (ఫీల్డింగ్ తప్పులు). ఎర్రరా కాదా అని తేల్చేది అంపైరు కాదు, అఫీషియల్ స్కోరర్ అని వేరే మనిషి. ప్రతి ఫీల్డరు స్థానానికీ ఒక నంబరుంది. షార్ట్‌స్టాప్‌ది 6, అతను బంతి వదిలేస్తే 'ఈ-6' (ఈ అంటే ఎర్రర్) అని రాస్తారు. ఆ తప్పువల్ల వచ్చిన పరుగును బంతి విసిరే పిచ్చర్ ఖాతాలో వేయరు. ఎవరి తప్పు వాళ్ల పేరునే పడుతుంది. మన శాసనసభలో ఆ మూడో గడి లేదు, కనీసం మీ నోటుబుక్కులో పెట్టుకోండి: 1 డాక్టరు, 2 వైద్యమిత్ర (ఆసుపత్రిలో పథకం డెస్కు చూసే మనిషి), 3 బిల్లింగ్ కౌంటరు, 4 పథకాన్ని నడిపే ట్రస్టు, 5 ప్రభుత్వం. రోగి పక్కన ఒకరుంటే, పుస్తకం పట్టుకుని తిరిగే మనిషి ఇంకొకరుండాలి.

బయల్దేరే ముందే రైస్ కార్డులో రోగి పేరుందో లేదో, అది ఆధార్‌తో కలుస్తుందో లేదో చూసుకోండి. లేకపోతే సచివాలయంలో చేర్పించుకోవాలి, అత్యవసరం ముంచుకొచ్చాక ఆ పని తెమలదు. తర్వాత పథకం హెల్ప్‌లైన్ 104కి ఫోన్ చేసి రెండూ అడగండి: ఆ ఆసుపత్రి పథకం నెట్‌వర్క్‌లో ఉందా, ఈ జబ్బుకు ఉందా. ఎముకల విభాగానికి ఉండి గుండెకు లేని ఆసుపత్రులుంటాయి. కొన్ని ఆపరేషన్లు సర్కారు ఆసుపత్రులకే రిజర్వు చేశారు, వాటికి నెల్లూరు పెద్దాసుపత్రికో ఒంగోలు రిమ్స్‌కో పోవాల్సిందే. మన వైపు కాస్త పెద్ద జబ్బైతే చెన్నై అంటారు. అక్కడ అన్ని ఆసుపత్రులూ, అన్ని చికిత్సలూ పథకంలో లేవు. ఇది కనుక్కోకుండా అంబులెన్సు సూళ్లూరుపేట దాటకూడదు.

చేరేటప్పుడు అడ్మిషన్ కాగితం మీద 'క్యాష్' అని ఉందో, పథకం పేరుందో చదవండి. చాలా గొడవలకు మూలం ఇదే. హడావిడిలో క్యాష్ కింద చేర్చుకుంటారు, మర్నాడు అడిగితే "ఇప్పుడు మార్చలేం" అంటారు. ముందు వైద్యమిత్ర డెస్కులో నమోదు, తర్వాత ఆసుపత్రి నుంచి ట్రస్టుకు ఆన్‌లైన్లో ప్రీఆథరైజేషన్ (ముందస్తు అనుమతి) అర్జీ, అక్కడి డాక్టర్లు ఒప్పుకున్నాక ఆపరేషన్. పంపిన టైమూ, కేసు నంబరూ రాసుకోండి. ఇంకా పంపకపోతే ఎర్రర్ ఆసుపత్రిది. పంపినా కదలకపోతే ఈ-4. బకాయిలు రాక సేవలే ఆపేశామంటే ఈ-5, దానికి మిత్ర మీద అరిచి లాభం లేదు. ప్రాణాపాయంలో ఫోన్ మీద కూడా అనుమతి తీసుకునే వీలుంది. పోలీసు లాంఛనాలు తర్వాత, ముందు ప్రాణం కాపాడాలని సుప్రీంకోర్టు 1989లోనే పరమానంద్ కటారా కేసులో చెప్పింది.

ఇక డబ్బు అడిగే తీరు. "మందులు బయట తెచ్చుకోండి", "స్కానింగ్ వేరు", "మంచి స్టెంట్ కావాలంటే తేడా కట్టండి". ప్యాకేజీలో మందులు, పరీక్షలు, ఇంప్లాంట్లు, భోజనం అన్నీ కలిపే ఉంటాయి. స్టెంట్లకు 2017 నుంచి కేంద్రం గరిష్ఠ ధర పెట్టింది, బిల్లులో బ్రాండు, బ్యాచ్ నంబరు విడిగా చూపాలి. స్టెంట్ పెట్టె మీద బార్‌కోడ్ స్టిక్కరు ఉంటుంది. అది కేసుషీటులో అంటించారో లేదో చూసి ఫొటో తీసుకోండి.

తప్పనిసరై కట్టాల్సి వస్తే, ఆసుపత్రి ఖాతాకే యూపీఐలో కట్టండి, మనిషి చేతికివ్వొద్దు. తెల్ల చీటీ మీద రాసిచ్చింది రసీదు కాదు. అన్నిటికన్నా ముఖ్యం, "నా ఇష్టప్రకారమే డబ్బు కడుతున్నాను" అనే కాగితం సంతకాల కట్టలో కలిపి ఇస్తారు. చదవకుండా పెట్టారో, తర్వాత మీ ఫిర్యాదుకు అదే అడ్డం.

ఫిర్యాదు మొదట 104కి, తర్వాత పథకం జిల్లా కోఆర్డినేటర్‌కు, అప్పటికీ కదలకపోతే సోమవారం కలెక్టరేట్లో జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదిక పీజీఆర్‌ఎస్‌కు. అర్జీ ఒక్క పేజీ చాలు: కేసు నంబరు, తేదీ, ఎవరడిగారు, ఎంత కట్టారు, రసీదు నకలు. "న్యాయం చేయండి" అని రాస్తే "విచారించాం" అని మూసేస్తారు, "రూ. 20,000 తిరిగి ఇప్పించండి" అని రాయండి. కేసుషీటు నకలు అడిగితే 72 గంటల్లో ఇవ్వాలని మెడికల్ కౌన్సిల్ 2002 నిబంధన ఉంది, దాన్నే రాతపూర్వకంగా అడగండి. చివరి మెట్టు జిల్లా వినియోగదారుల కమిషన్. గడువు రెండేళ్లు, కట్టిన సొమ్ము 5 లక్షల లోపైతే ఫీజు లేదు.

ఎమ్మెల్యే ఆఫీసుకు పోయేవాళ్లకు ఒక మాట. సీఎం సహాయనిధికి సిఫారసు చేయిస్తాం, ఒరిజినల్ బిల్లులు ఇవ్వండంటారు. ఫిర్యాదు నడుస్తున్నంతకాలం ఒరిజినల్స్ చేతులు మారనివ్వొద్దు. జిల్లాలో ఆసుపత్రులకు ఎంత బకాయి ఉందని అడిగితే అక్కడ జవాబు దొరకదు. దానికి సమాచార హక్కు కింద ట్రస్టుకే దరఖాస్తు పెట్టండి: "ఫలానా తేదీ నాటికి ఈ జిల్లాలోని ఒక్కో నెట్‌వర్క్ ఆసుపత్రికి చెల్లించాల్సిన మొత్తం ఎంత?" ప్రశ్న అంతే, "ఎందుకు" అని అడగొద్దు, అది సమాచారం కిందికి రాదని తిప్పిపంపుతారు. 30 రోజుల్లో జవాబివ్వాలి. ఫీజు 10 రూపాయలు, దారిద్ర్యరేఖకు దిగువన ఉన్నట్టు కార్డు జిరాక్సు జతచేస్తే ఆ పదీ కట్టక్కర్లేదు.